ఎంటీపీ చేసే నర్సింగ్ హోమ్ చట్టరక్షణ పోగొట్టుకోకుండా ఉండాలంటే

నెల్లూరు పొగతోటలోనో, కావలిలోనో, ఒంగోలులోనో పది పదిహేను పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్న గైనకాలజిస్టుల్లో కొందరు ఎంటీపీ (వైద్యపద్ధతిలో చేసే గర్భవిచ్ఛిత్తి) కేసు అనగానే వెనకాడతారు. ఆపరేషన్ కష్టమని కాదు, రేపు ఆ అమ్మాయి తరఫువాళ్లు వచ్చి గొడవ పెడితే తమ పక్షాన ఎవరు నిలబడతారన్నదే వారి సందేహం. 1971 నాటి ఎంటీపీ చట్టం వారి పక్షానే ఉంది. దాని 3వ సెక్షన్‌లోని షరతుల ప్రకారం నడుచుకున్న వైద్యుడు ఏ నేరమూ చేసినట్లు కాదు. 8వ సెక్షన్ ప్రకారం, చట్టానికి లోబడి సదుద్దేశంతో చేసిన పనివల్ల నష్టం కలిగిందంటూ ఆయనపై దావా వేయడానికి వీలులేదు. షరతు తప్పితే మాత్రం ఈ రక్షణ మొత్తం తొలగిపోయి, గర్భస్రావం చేయించడాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయసంహిత 88వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 312, ముందుకు వస్తుంది. కాబట్టి కాగితాలను చికిత్సలో ఒక భాగంగానే చూడాలి.

మొదట స్థలానికి అనుమతి తెచ్చుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిగా రిజిస్ట్రేషన్ ఉంది కదా అనుకుంటే పొరపాటు; అది వేరు, ఎంటీపీ అనుమతి వేరు. డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యారోగ్య అధికారి) కార్యాలయంలో ఫారం-ఎ దరఖాస్తు దాఖలు చేస్తే, ఆయన సిఫారసు చూసి జిల్లా కమిటీ ఫారం-బి సర్టిఫికెట్ ఇస్తుంది. దానిని వచ్చేపోయేవారికి కనబడేలా గోడకు తగిలించాలి. అనుమతి లేని చోట చేస్తే, చేసిన వ్యక్తికీ ఆ స్థలం యజమానికీ రెండేళ్ల నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంటుంది. తల్లి ప్రాణం కాపాడడానికి అప్పటికప్పుడు చేయవలసివస్తే మాత్రం 5వ సెక్షన్ ఈ షరతును సడలిస్తుంది. పల్లెల్లో మనం ఆర్‌ఎంపీ అని పిలిచేవారికి ఈ చట్టంలో ఏ స్థానమూ లేదు. వారు మాత్రలు ఇచ్చి పంపిన కేసు రక్తస్రావంతో మీ దగ్గరకు వస్తే, వచ్చిన సమయాన్నీ అప్పటి పరిస్థితినీ ముందుగా కేస్ షీటులో రాసుకుని, ఆ తరువాతి పనులకు వెళ్లండి.

వారాల లెక్క 2021 సవరణతో మారింది. 20 వారాల వరకు ఒక్క వైద్యుని అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. అదికూడా అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడాకులు పొందినవారు, దివ్యాంగులు వంటి, నిబంధనలు పేర్కొన్న వర్గాలకే. పెళ్లికాని స్త్రీని ఇందులోనుంచి తప్పించరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తీర్పులో స్త్రీ అన్న మాటకు, గర్భవిచ్ఛిత్తి అవసరమయ్యే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కూడా వచ్చేలా విస్తృతమైన అర్థం ఇచ్చింది. 24 వారాలు దాటితే, పిండంలో తీవ్రమైన లోపం ఉన్నప్పుడు మెడికల్ బోర్డు నిర్ణయించాలి.

ఎక్కువమంది దారి తప్పేది సంతకం దగ్గర. పద్దెనిమిదేళ్లు నిండిన, మానసిక వ్యాధి లేని స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఫారం-సి మీద ఆమె సమ్మతిని మాత్రమే. అయినా ప్రింటింగ్ ప్రెస్సులో ఎప్పుడో వేయించిన పాత కాగితం చివర ‘భర్త/తండ్రి సంతకం’ అన్న గీత అలాగే ఉండిపోతుంది, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి అలవాటుకొద్దీ దాన్ని నింపిస్తుంది. ఆ గీత కొట్టేయించండి. భర్త సంతకం ఉంటే రేపు కేసు రాదన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది గానీ, అది వైద్యునికి చట్టపరంగా ఏ రక్షణా ఇవ్వదు. పైపెచ్చు ఆమెకు ఇష్టం లేకుండా అతన్ని పిలిపించి విషయం చెప్పి ఉంటే, గోప్యత భంగం చేసినట్లు 5ఎ సెక్షన్ కింద వైద్యునికే ఏడాది వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. అత్తగారు లోపలికి వస్తానని పట్టుబడితే, “పేషంటుతో ఒంటరిగా మాట్లాడడం మా పద్ధతి అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి” అని సిస్టర్ చేత చెప్పించడం మేలు. వైద్యురాలే చెబితే వాదన పెరుగుతుంది.

గోప్యత నిలబడేది రిజిస్టరు వల్లనే. ఫారం-3 అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఒక్కసారే రాస్తారు. ప్రతి ఏడాదీ జనవరిలో ఒకటితో మొదలుపెట్టి 7/2025 అన్న తీరులో వరుస సంఖ్య ఇస్తారు. ఆ తరువాత కేస్ షీటులో, థియేటర్ రిజిస్టరులో, ఫాలో-అప్ కార్డులో ఆ సంఖ్యే ఉండాలి, పేరు రాకూడదు. సమ్మతి పత్రాన్నీ, గర్భవిచ్ఛిత్తి జరిగిన మూడు గంటలలోపు వైద్యుడు నింపవలసిన ఫారం-1 అభిప్రాయాన్నీ కవరులో పెట్టి సీలు వేసి, పైన వరుస సంఖ్య, వైద్యుని పేరు, ‘రహస్యం’ అన్న గుర్తు రాసి, ఆసుపత్రి అధిపతి బీరువాలో తాళం వేసి ఉంచాలి. రిజిస్టరును ఆ ఏడాది ముగిసిన తరువాత ఐదేళ్లు భద్రపరచాలి. నెలవారీ లెక్క ఫారం-2లో డీఎంహెచ్ఓకు వెళుతుంది, అందులో పేర్లు ఉండవు. ఇంత జాగ్రత్తపడి, కింద మెడికల్ షాపు బిల్లులో పేరు పక్కన ఎంటీపీ కిట్ అని అచ్చువేస్తే, లేదా ఆ రోజు ఓటీ లిస్టును (ఆపరేషన్ల జాబితాను) స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెడితే, బీరువా తాళం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి రిజిస్టరు చూపమంటే, నేరదర్యాప్తులో దాన్ని చూసే అధికారం ఆ ప్రాంతపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుదని మర్యాదగా చెప్పి, రాతపూర్వకంగా అడగమనండి. నష్టపరిహారం దావాలో ఆ అధికారం జిల్లా జడ్జిది. వైద్యంలో నిర్లక్ష్యం ఉందని ఫిర్యాదు వస్తే, పోలీసులు ముందుగా స్వతంత్ర వైద్యనిపుణుని అభిప్రాయం తీసుకోవాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మీ న్యాయవాది చేత గుర్తు చేయించండి.

మైనర్ వస్తే సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతితో పాటు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. పేరు బయటపడుతుందన్న భయంతోనే ఇలాంటి కుటుంబాలు నాటువైద్యం వైపు వెళతాయి. ఆ అమ్మాయి, సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు చెప్పనక్కరలేదని 2022 తీర్పు స్పష్టం చేసింది. కాబట్టి రిపోర్టు చేయండి, పేరు లేకుండా చేయండి, ఆ కోరికను వారి చేత రాయించుకుని ఫైలులో ఉంచండి.

ఇక గొడవ ఆసుపత్రి దాకా వచ్చి అద్దాలు పగిలితే, వైద్యసిబ్బందిపై దాడుల నివారణకు మన రాష్ట్రం 2008లో చేసిన చట్టం ఉంది. దాని కింద మూడేళ్ల వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పాడైన వైద్యపరికరాల కొనుగోలు ధరకు రెట్టింపు కూడా రాబట్టవచ్చు. ఫిర్యాదులో ఆ చట్టం పేరు ప్రత్యేకంగా రాయండి. స్కానర్, మత్తు ఇచ్చే బాయిల్స్ యంత్రం వంటి వాటి కొనుగోలు బిల్లుల నకళ్లను ఆసుపత్రి బయట మరోచోట ఉంచుకుంటే, పరిహారం అడిగేటప్పుడు ధర నిరూపించడానికి ఇబ్బంది ఉండదు.