ఈమ్ గ్రామాన్ని నడిచి చూసే విధానం

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల నడుమ ఉన్న ఈమ్ గ్రామానికి వెళ్లేవారు ముందుగా సెయింట్ లారెన్స్ చర్చిని చూడాలి. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఊళ్లోకి ప్రవేశించిందని చెబుతారు. అది పొరుగూళ్లకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటవద్దని మరుసటి ఏడాది జనాన్ని ఒప్పించిన విలియం మాంపెసన్ ఈ చర్చి గురువే. ఆవరణలో ఆంగ్లో-శాక్సన్ కాలపు రాతి శిలువతో పాటు, ఆ వ్యాధికే బలైన ఆయన భార్య కేథరిన్ సమాధి కూడా ఉంది. పక్కనున్న ఇళ్ల ముందు పలకలపై రాసిన మృతుల పేర్లను తొందరపడకుండా చదవాలి.

తరువాత పొరుగూరైన స్టోనీ మిడిల్టన్ వైపు వెళ్లే కాలిబాట పట్టి సరిహద్దు రాయి దగ్గర ఆగండి. నాణేల ద్వారా వ్యాధి అంటకూడదని దాని మీది గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి, బయటివారు పెట్టి వెళ్లిన ఆహారాన్ని గ్రామస్థులు తీసుకునేవారు. ఆ గుంటల అంచులు ఇప్పుడు నున్నగా అరిగిపోయాయి. ఊరికి తూర్పున ఉన్న రైలీ సమాధులను మాత్రం వదిలిపెట్టకూడదు, ఎందుకంటే ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ అక్కడే స్వయంగా పూడ్చిపెట్టింది.

మ్యూజియం ఏడాది పొడవునా తెరిచి ఉండదు కనుక వేళలు ముందే తెలుసుకోవాలి. వీలైతే ఆగస్టు చివరి ఆదివారం వెళ్లండి. ఆనాడు స్మారక ప్రార్థన జరుగుతుంది.