పేపర్ ముందుకు సాగట్లేదా? ముందు మీ ప్రశ్న ఏదో చూడండి

అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు మొదటి పరిశోధన పేపర్ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందరివీ దాదాపు ఇవే ఇబ్బందులు.

సమస్య: ఇరవై పేజీలు రాశాను. గైడ్ చదివి "ఇంతకీ నువ్వు చెప్పేదేందమ్మా?" అంటున్నారు.

కారణం: రాసినదాంట్లో విషయం ఉంది, ప్రశ్న లేదు. 'అనంతపురం జిల్లాలో వేరుశనగ సాగు - ఒక అధ్యయనం' అని పేరు పెట్టుకుంటే వానలు, నేలలు, మార్కెట్ యార్డు, అప్పులు అన్నీ వచ్చి పడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని మొదటి పేరాలోనే రాస్తారు. నిజమే, కానీ తర్వాతి మాటకు దారి తియ్యని అంకెకు అక్కడ పని లేదు.

పరిష్కారం: ఫైలు మూసేయండి. తెల్లకాగితం మీద ఒక్క వాక్యంలో ప్రశ్న రాయండి. తెలుగులోనే, ఇంటి దగ్గర శెనక్కాయ వేసే నాయనకు చెప్పినట్టు రాయండి. "ఊడలు దిగేటప్పుడు మూడు వారాలు వాన రాకపోతే, ఒక్క తడి ఇచ్చిన చేలో దిగుబడి ఎంత నిలబడుతుంది?"

ఇప్పుడు కొలవాల్సింది దిగుబడి అని తేలింది. పోల్చాల్సింది తడి ఇచ్చిన చేనును, ఇవ్వని చేనుతో. అప్పుల గురించిన పేరా దానంతటదే బయటికి పోతుంది. ఒకమ్మాయి ఇలా చేసి తొమ్మిది పేజీలు తీసేసింది. తీసేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, చూస్తే నాకూ బాధేసింది. ఆ పేజీలు పారేయొద్దు. వేరే ఫైల్లో దాచుకోండి, తర్వాత ఇచ్చే పెద్ద పరిశోధన గ్రంథానికి, అంటే థీసిస్‌కు పనికొస్తాయి.

సమస్య: లిటరేచర్ రివ్యూ, అంటే ఇంతకుముందు ఎవరేం రాశారో చెప్పే భాగం, హాజరుపట్టీలా ఉంది.

కారణం, పరిష్కారం: చదివిన వరుసలోనే రాసేశారు. ఒకే మాట అన్నవాళ్లను ఒకచోట, కాదన్నవాళ్లను ఇంకోచోట చేర్చండి. పేరా మనిషి పేరుతో కాదు, విషయంతో మొదలవ్వాలి.

సమస్య: సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతలతో కలిసిపోయిన భాగం, 30 శాతం దాటింది.

కారణం: చాలాసార్లు దొంగబుద్ధి కాదు, ఇంగ్లీషు భయం. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాక్యం బాగుందని దించుకుంటాం, తర్వాత మారుద్దాం అనుకుంటాం, మర్చిపోతాం. కానీ యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో ఇలాంటి కాపీ మీద తెచ్చిన నిబంధనలు కారణం అడగవు. థీసిస్‌లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

పరిష్కారం: అక్కడో మాట ఇక్కడో మాట మార్చితే సరిపోదు. చదివిన పేజీ మూసి, అర్థమైంది తెలుగులో రెండు ముక్కలు రాసుకోండి. ఆ తెలుగు చూస్తూ ఇంగ్లీషు రాయండి. మీ వాక్యం కాస్త మోటుగా వచ్చినా ఫర్వాలేదు, అది మీది. ఎవరి దగ్గర తీసుకున్నారో మాత్రం అప్పుడే పక్కన రాసిపెట్టుకోండి.

సమస్య: "డబ్బు కట్టండి, వారంలో అచ్చేస్తాం" అని మెయిల్ వచ్చింది.

పరిష్కారం: కట్టొద్దు. థీసిస్‌కు ముందు పేపర్ అచ్చవ్వాలన్న షరతును యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏముందో రీసెర్చ్ సెక్షన్‌లో అడగండి. ఆ మెయిల్ వచ్చిన రోజు తొందరపడి ఎవరికీ ఫోన్‌పే చెయ్యొద్దు, ముందు గైడ్‌కు చూపించండి.