బీఏ పిల్లలకి డేటా అనాలిసిస్ చెప్పాలా, ముందు ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి

మాది కోనసీమలో డిగ్రీ కాలేజీ అండి, నా క్లాసులో హిస్టరీ, ఎకనామిక్స్, తెలుగు చదివే పిల్లలే ఎక్కువ, లెక్కలకి టెన్త్‌తోనే దండం పెట్టేసినోళ్ళు. వీళ్ళకి మొదటిరోజే ఎక్సెల్ తెరిచి ఫార్ములాలు మొదలెట్టారనుకోండి, రెండో వారానికి బెంచీలు ఖాళీ, నాకు జరిగిందే.

ఇప్పుడు రొయ్యలతో మొదలెడతా. కౌంట్ అంటే ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, కేజీకి ఎన్ని తూగితే అంత. బోర్డు మీద రాయండి: 30 కౌంట్‌వి 300 రొయ్యలు, 100 కౌంట్‌వి 300 రొయ్యలు, కలిపేస్తే కౌంట్ ఎంత? క్లాసంతా 65 అంటుంది. అప్పుడు తూకం లెక్క వేయించండి, మొదటివి 10 కేజీలు, రెండోవి 3 కేజీలు, 13 కేజీల్లో 600 అంటే 46 చిల్లర. అదే కేజీకి కేజీ కలిపితే మాత్రం 65 కరెక్టే. ఇక్కడ మీరు మాట్లాడకండి, వాళ్ళని కాసేపు వాదించుకోనివ్వండి, చెరువులున్న ఇంటి పిల్లలు ఆ రోజు మాస్టార్లైపోతారు.

గ్రాఫులకి గోదారి ఉండనే ఉంది. ధవళేశ్వరం రోజువారీ నీటిమట్టం ఇచ్చి 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర అడ్డగీతలు గీయమనండి, మూడు హెచ్చరికలు. భద్రాచలం అంకెలూ అందులోనే పెట్టమంటే ఎవడో ఒకడు అడుగుతాడు, అక్కడ మొదటి హెచ్చరికే 43 కదా సార్, వరద నాలుగింతలా అని. అడుగు రెండుచోట్లా అడుగే, కొలతకి సున్నా ఎక్కడ పెట్టారన్నదే వేరు.

ఇక స్టాఫ్ రూమ్ సంగతి. తోటి లెక్చరర్లు సర్వే అంతా అయిపోయాక ఫైలు పట్టుకొస్తారు. ఓ మేడమ్ అలాగే, "మాస్టారూ, సోమవారం సబ్మిట్ చెయ్యాలి, ఏదో ఒక స్టాటిస్టికల్ టెస్ట్ వేసి పెట్టండి" అన్నారు. చూస్తే దాళ్వా (రబీ వరి) దిగుబడి కాలమ్‌లో 40, 30, 3. "ఈ 3 ఏంటండీ?" అంటే "రైతులు చెప్పిందే పిల్లలు రాశారండి" అని. ఒకాయన 75 కేజీల బస్తాల్లో చెప్పాడు, ఇంకొకాయన క్వింటాళ్ళలో, మిల్లు ఉన్నాయన టన్నుల్లో, తీరా చూస్తే ముగ్గురిదీ ఎకరానికి 3000 కేజీలే! కంప్యూటర్ మాత్రం కిమ్మనకుండా సగటు 24.3 ఇచ్చేస్తుంది. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్‌ని పిలవడమంటే పోస్ట్‌మార్టమ్‌కి పిలవడమేనని స్టాటిస్టిక్స్‌లో పెద్దాయన ఫిషర్ 1938లో కలకత్తాలోనే చెప్పాడు, మనోళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

అలాంటప్పుడు ఒరిజినల్ షీటు ముట్టుకోకండి, కాపీ తీసి పక్కన యూనిట్ అని ఇంకో కాలమ్ పెట్టండి, దాన్ని వాళ్ళ చేతే నింపించండి, మీరు నింపితే రేపు వైవాలో జవాబు మీరే చెప్పాలి. ఫోన్ నంబరున్న రైతులకి ఫోన్ చేయించండి, దొరకనివి ఖాళీగానే వదిలేయించండి, 3 అంటే టన్నులే అయ్యుంటాయిలే అని సర్దకండి. మేడమ్ గారు సోమవారం కాదు, ఆ పై సోమవారం సబ్మిట్ చేశారు, నాతో రెండ్రోజులు మాట్లాడలేదు కూడా.