పసిబిడ్డ అరికాలిని గమనించే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో బిడ్డకు నూనె రాసి, చాచిన కాళ్లపై పడుకోబెట్టుకొని నీళ్లు పోసే అమ్మమ్మలకు ఒక సంగతి అనుభవంలో ఉంటుంది: కాలివేళ్ల మొదట్లోని మెత్తటి భాగంపై వేలు ఆనిస్తే, బిడ్డ వేళ్లన్నీ ముడుచుకొని దాన్ని పట్టుకోబోతాయి. చూడటానికి ముద్దుగా ఉండే ఈ అసంకల్పిత ప్రతీకార చర్య వెన్నుపాము, నరాలు పనిచేస్తున్నాయనడానికి ఒక గుర్తు. పుట్టుకతోనే ఉండే ఈ పట్టు ఏడాది నిండేసరికి సాధారణంగా పోతుంది.

దీన్ని ఇంట్లో గమనించదలిస్తే, బిడ్డ మేలుకొని, ఏడవకుండా ఉన్న వేళ చూసుకోవాలి; స్నానం కాగానే మగతలో ఉన్న బిడ్డ కాలు సరిగా స్పందించదు. నూనె జిడ్డు ఉంటే వేలు జారుతుంది కనుక అరికాలు తుడిచి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిరగకుండా చూడాలి.

రెండవ పరీక్షకు కొంచెం నేర్పు కావాలి. గోరు తగలకుండా, మడమ బయటి అంచు నుంచి చిటికెన వేలి మొదలు దాకా, అక్కడి నుంచి బొటనవేలి వైపు ఒక గీత గీసినట్లు రాయాలి. బొటనవేలు పైకి లేచి, మిగిలినవి విసనకర్రలా విచ్చుకుంటాయి. 1896లో పారిస్‌లో నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ వివరించిన ఈ గుర్తు పెద్దవారిలో కనిపిస్తే, మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల మార్గం దెబ్బతిన్నదని అనుమానిస్తారు. పసిబిడ్డలో మాత్రం ఆ నరాలను తొడుగులా కప్పే మైలిన్ అనే పొర ఇంకా పూర్తిగా ఏర్పడదు కనుక అది సహజమే. రెండేళ్లు వచ్చేసరికి వేళ్లు కిందికి ముడుచుకోవడం మొదలవ్వాలి. గీత వేళ్లకు మరీ దగ్గరగా నొక్కుకుపోతే మొదట చెప్పిన పట్టు వచ్చి, చూసేవారిని పొరపాటు పడేలా చేస్తుంది.

నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేసినట్లు కదలడం రెండు నెలలకే ఆగిపోవచ్చు. దానికి కంగారు పడనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా నేను చూడమనేది రెండు కాళ్ల పోలికను. ఎన్నిసార్లు చూసినా ఒక కాలు ఒకలా, రెండవది మరోలా స్పందించినా, తొలి నెలల్లో వేళ్ల పట్టు అసలు లేకపోయినా, పాదాన్ని పైకి వంచితే ఆగకుండా అదురుతున్నా, కాళ్లు బిగుసుకుపోయినా, వేలాడిపోయినా వైద్యునికి చూపించాలి. పాలు తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇంటి పరీక్ష బాగుందని ధైర్యపడి డాక్టరుకు చూపించడం మానుకోవడమూ తప్పే.

ఆసుపత్రి కాన్పైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. సందేహాన్ని అప్పుడే అడగండి. ఒడియాలో వివరించలేమని వెనుకాడవద్దు: రెండు పాదాలూ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి చూపండి, బిడ్డ నెలలు నిండక ముందే పుట్టి ఉంటే ఆ తేదీ ఉన్న కార్డును వెంట ఉంచుకోండి.