ఎంజీబీ రోడ్‌స్టర్‌కు లోపలి ట్రిమ్ బిగించడం ఎలా?

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన, పైకప్పు తీయగలిగే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎంజీబీ రోడ్‌స్టర్‌ను పునరుద్ధరించేవారు ఇంజనుకూ రంగుకూ నెలల తరబడి ఓపిక పట్టి, తీరా లోపలి ట్రిమ్ (కారు లోపలి భాగాలను కప్పే తొడుగులు) దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. కొలతలకు కోసిన రెగ్జిన్, కార్పెట్, తలుపు ప్యానెళ్లు కిట్‌గా నేటికీ దొరుకుతున్నాయి కాబట్టి అతికిస్తే సరిపోతుందని భావిస్తారు. ఆ కిట్‌లో చాలా భాగం నిజంగానే తేలిక. సీట్ల వెనుక ఉబ్బెత్తుగా కనిపించే వీల్ ఆర్చ్‌లకు (చక్రాలను పైనుంచి కప్పే వంపు రేకులకు) రెగ్జిన్ తొడగడం మాత్రం తేలిక కాదు. బాగా ముస్తాబైన కార్లలో సైతం ముడతలు కనిపించేది అక్కడే.

వేడిగాలి చిమ్మే హీట్ గన్, పదునైన కత్తెర, కొత్త బ్లేడు, సుద్దముక్క, అంగుళం వెడల్పు కుంచె, ఎక్కువ వేడిని తట్టుకునే రబ్బరు జిగురు ఉంటే చాలు. జిగురును కుంచెతోనే పూయాలి. డబ్బాలోంచి చిమ్మే జిగురు పలుచగా పడుతుంది; టాపు తీసిన కారు ఎండలో నిలిచినప్పుడు ఆ పలుచని పొర మెత్తబడి, సాగదీసి అతికించిన రెగ్జిన్ తన పాత కొలతకు ముడుచుకుంటూ అంచులను పైకి లేపుతుంది. చేతికి అంటదన్న ఒక్క సౌకర్యం కోసం దానిని ఎంచుకోవడం సరికాదు.

ముందుగా వైరింగ్ పూర్తిచేసి, నేలకు శబ్దాన్ని తగ్గించే షీట్లు పరచాలి. ఆ తరువాత, కార్పెట్ కంటే ముందే, వీల్ ఆర్చ్‌ల పని చేపట్టాలి. రెగ్జిన్ కింది అంచులను కార్పెట్ కప్పివేయాలే తప్ప, కార్పెట్ అంచులపైకి రెగ్జిన్ రాకూడదు. సీటు బెల్టు బోల్టులను వాటి రంధ్రాలలో వదులుగా బిగించి ఉంచితే, రెగ్జిన్ తొడిగాక ఆ చోట్లను వేలితో తడిమి గుర్తించవచ్చు.

ఇక అసలు పని. రెగ్జిన్ వెనుక ఉండే అల్లిక గుడ్డ ఒక దిశలో ఎక్కువగానూ మరో దిశలో తక్కువగానూ సాగుతుంది. ముక్కను రెండు వైపులా లాగి చూసి, ఏ దిశ ఎంత సాగుతుందో చేతికి తెలిసేదాకా జిగురు డబ్బా మూత తీయకూడదు. తరువాత ఆర్చ్ మీద నడిమి గీతను, రెగ్జిన్ వెనుక దానికి సరిపోయే గీతను సుద్దతో గీసి, జిగురు లేకుండానే ఒకసారి పరచి, అన్ని అంచుల వద్దా కనీసం రెండు అంగుళాలు మిగులుతున్నదీ లేనిదీ చూడాలి. గది చల్లగా ఉంటే ఈ పని ఆరంభించకూడదు. 15 డిగ్రీల కంటే తక్కువ వేడిలో రెగ్జిన్ బిర్రుగా ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు.

జిగురును రెండు ఉపరితలాలకూ పూసి, వేలికి అంటనంతగా ఆరనివ్వాలి. మామూలుగా 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. రెండు పొరలూ తాకిన క్షణంలోనే పట్టుకుంటాయి, మళ్లీ జరపడానికి వీలుండదు. కాబట్టి మొత్తం ఆర్చ్‌కు ఒకేసారి పూయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నడిమి గీత వెంబడి నాలుగు అంగుళాల పట్టీకి మాత్రమే పూసి, గీతలు కలిసేలా అతికించి, బొటనవేలితో గట్టిగా రుద్దాలి. ఆ పట్టీ కుదిరాక ముందు భాగం, అది పూర్తయ్యాక వెనుక భాగం చేయాలి. తలుపులు తెరిచి గాలి ఆడేలా చూసుకోవాలి; జిగురు తడిగా ఉండగా హీట్ గన్ వెలిగిస్తే ఆవిర్లు అంటుకునే ప్రమాదం ఉంది.

ఆర్చ్ భుజం దగ్గర, అంటే రెండు వంపులు కలిసే చోట, రెగ్జిన్‌ను అడ్డంగానో నిలువుగానో లాగితే ముడత చోటు మారుతుంది తప్ప పోదు. హీట్ గన్‌ను జానెడు దూరంలో కదుపుతూ రెగ్జిన్‌ను చేతికి వెచ్చగా తగిలేంతవరకే వేడిచేసి, అల్లికకు ఏటవాలుగా, రెండు చేతులతో నిదానంగా లాగాలి. ఉపరితలం మెరవడం మొదలైతే వేడి మించినట్లే. రెగ్జిన్ పైనుండే తోలు లాంటి గీతలు ఒకసారి చెరిగితే తిరిగి రావు, ఆ ముక్కను పారవేయవలసిందే. ముడత పడితే పైనుంచి అదమకూడదు. అంచు పట్టుకుని వెంటనే పైకెత్తి, వెచ్చచేసి, మళ్లీ లాగాలి. మిగులునంతా కార్పెట్ కప్పే కింది అంచు వైపుకు నడిపించి, అక్కడ మాత్రమే గాట్లు పెట్టాలి. ఆ గాట్లు బయటికి కనిపించే హద్దుకు సెంటీమీటరు ముందే ఆగాలి.

దీని తరువాత కార్పెట్ పని త్వరగా సాగుతుంది. రెండు చోట్ల మాత్రం జిగురు వాడకూడదు. 1967 వరకు వచ్చిన కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చూసే పుల్ల టన్నెల్ (సీట్ల మధ్య గేర్‌బాక్స్‌ను కప్పే ఉబ్బెత్తు భాగం) మీది రబ్బరు మూత కింద ఉంటుంది. బ్యాటరీలు సీట్ల వెనుక మూత కింద ఉంటాయి. ఆ రెంటి మీది కార్పెట్ ఎత్తి చూసుకునేలా ఉండాలి.

తలుపు ప్యానెళ్ల వెనుక ప్లాస్టిక్ షీటు తప్పక అతికించాలి, లేకపోతే అద్దం వెంట దిగే వాననీరు అట్టను ఉబ్బిస్తుంది. క్లిప్పులను అరచేతితో నొక్కి బిగించాలి. సుత్తి అవసరం లేదు. చివరగా సీట్లు. వాటి పట్టాల కింద ఉండే చెక్క పట్టీలను వదిలేయకూడదు. బోల్టుల కోసం కార్పెట్‌కు డ్రిల్లు పెడితే పోగు బిట్‌కు చుట్టుకుని వరుస మొత్తం ఊడివస్తుంది కాబట్టి, ఆ రంధ్రాలను కాల్చిన ఇనుప చువ్వతోనే చేయాలి.