బూస్ట్ పెంచాక మిస్‌ఫైర్: స్పార్క్ ప్లగ్గులతో నా అనుభవం

నా టర్బో పెట్రోల్ కారుకి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే అందులోని సెట్టింగులు మార్పించి, బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాక కొత్త టెన్షన్ మొదలైంది. మా విజయవాడలో తిరిగితే ఏమీ లేదు. వారధి దాటి గుంటూరు రోడ్డెక్కి, నాలుగో గేరులో గట్టిగా తొక్కితే మాత్రం బండి దగ్గినట్టు కుదిపేసేది. అదే మిస్‌ఫైర్, సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ పోయిందనుకుని మార్చాను. డబ్బు దండగ.

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ ప్లగ్గులు విప్పి ఎండలోకి తెచ్చాడు. "పింగాణీ చూడండి సార్" అన్నాడు. లేత గోధుమ రంగులో ఉండాల్సింది సున్నంలా పాలిపోయింది, మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ప్లగ్ మరీ వేడెక్కుతోందన్నమాట. గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) కూడా 0.8 మి.మీ. దాటింది. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అంత గ్యాప్‌లో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అది చాలకే మిస్ అవుతోంది.

ఎన్‌జీకే కంపెనీలో 6 బదులు 7 హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె) ఉన్న ఇరిడియం మొన ప్లగ్గులు తీసుకున్నాం. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది; బాష్ కంపెనీలో దీనికి తలకిందులు. కొనేముందు ఇది తప్పక చూసుకోండి. 8 వద్దన్నాను, అది మరీ చల్లనిది కాబట్టి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పాకుతుంటే మసి పట్టేస్తుంది. పక్క ఎలక్ట్రోడ్‌ని మాత్రమే వంచి గ్యాప్ 0.65కి తెచ్చాం. సన్నని ఇరిడియం మొనను అసలు ముట్టుకోకూడదు. ఇంజన్ చల్లారాకే టార్క్ రెంచితో బిగించాం. మ్యాప్ వేసినవాళ్ల చేత టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం), మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) కూడా చూపించాను, నాకింగ్‌ని, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడాన్ని, ప్లగ్ ఒక్కటే ఆపడం సాధ్యం కాదు కదా.

మర్నాడు పొద్దున్నే మంగళగిరి దాకా అదే గేరులో తొక్కి చూశాను. ఒక్క కుదుపు లేదు.