సబ్‌ఫ్రేమ్ మౌంట్లు మార్చే ముందు బోల్టు సంగతి చూడండి

సబ్‌ఫ్రేమ్ అంటే చక్రాల ఆర్మ్‌లను, కొన్ని బండ్లలో ఇంజిన్‌ను కూడా మోసే ఇనుప చట్రం. దానికీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు దిమ్మెలే మౌంట్లు.

సమస్య: బ్రేకు తొక్కితే ఒకసారి, బండి కదిలితే ఇంకోసారి కాళ్ల కింద ఠక్కుమంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక పక్కకి, వదిలితే రెండో పక్కకి లాగుతుంది.

ముందుగా టార్క్ రెంచ్‌తో (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని కొలిచే పానా) సబ్‌ఫ్రేమ్ బోల్టుల బిగువు చూడాలి. ఐదు నిమిషాల పని. అది మానేసి మౌంట్లకు ఆర్డర్ పెట్టేస్తారు! కొన్ని కార్లకు సబ్‌ఫ్రేమ్ రబ్బరు లేకుండా నేరుగా బాడీకే బిగించి ఉంటుంది, మార్చడానికి అసలు మౌంటే ఉండదు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కు కలిపే చేయి) వెనక బుష్, అంటే రబ్బరు, చిరిగినా ఇవే లక్షణాలు, కాబట్టి దాన్నీ ప్రై బార్‌తో ఎత్తి చూడండి.

అసలు దొంగ ఇది: రెంచ్ టిక్కుమంటుంది, బోల్టు మాత్రం పట్టు ఇవ్వదు. రెంచ్ కొలిచేది తిప్పడానికి పట్టే బలాన్నే. థ్రెడ్‌లో (బోల్టు మరలో) తుప్పుంటే ఆ బలమంతా రాపిడికే పోతుంది, మౌంట్ లోపలి స్లీవ్ (బోల్టు దూరే ఇనుప గొట్టం) బాడీకి నొక్కుకోదు. కొత్త మౌంట్లు వేసినా పాత బోల్టులే పెడితే కొన్నాళ్లకు మళ్లీ అదే శబ్దం. బోల్టు తీశాక స్లీవ్ పై అంచు చూడండి: ఉంగరంలా మెరిసే గీత, చుట్టూ ఎర్రటి పొడి ఉంటే అది బాడీ మీద జారుతున్నట్టే. రబ్బరు బాగున్నా సరే.

బాడీలోని నట్టును థ్రెడ్ చేజర్‌తో (మరలు శుభ్రం చేసే పనిముట్టు) శుభ్రం చేయండి. కొత్త మరలు కోసే ట్యాప్ వద్దు, అది ఇనుమునే కోసేస్తుంది. స్లీవ్ ఆనే చోట తుప్పు గీకి, కొత్త బోల్టులు వేయండి. బోల్టు చివరిదాకా వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే ఇంపాక్ట్ గన్ పెట్టకండి, లోపలి నట్టు వెల్డ్ ఊడి గిరగిరా తిరుగుతుంది, ఆపై ఫ్లోర్ కోయాల్సిందే. మాన్యువల్ చెప్పకపోతే థ్రెడ్‌కు ఆయిల్ పూయకూడదు, అదే టార్క్‌కి బోల్టు సాగిపోతుంది.

సబ్‌ఫ్రేమ్ దించడం: స్టాండ్లు బాడీ కింద. ఇంజిన్ బరువు సబ్‌ఫ్రేమ్ మీదుంటే ఇంజిన్‌ను పైనుంచి పట్టి ఉంచే సపోర్ట్ బార్ తప్పనిసరి. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్ తిరగకుండా కట్టి, స్టీరింగ్ షాఫ్ట్ జాయింటుకు గుర్తు గీసి విప్పండి. కట్టకుండా వదిలేస్తే స్టీరింగ్ తిరిగి ఎయిర్‌బ్యాగ్ క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ లోపల ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు ఇచ్చే చుట్టతీగ) తెగుతుంది. చాలా బండ్లకు పూర్తిగా దించక్కర్లేదు, పాత మౌంట్‌ను లాగి తీసే పుల్లర్ పట్టేంత కిందికి వస్తే చాలు. పాత మౌంట్ రబ్బరులో ఖాళీలు ఎటున్నాయో ముందే ఫొటో తీయండి. కొత్తదాన్ని బయటి రింగు మీదే నొక్కాలి, సబ్బునీళ్లతో.

పగిలిన సబ్‌ఫ్రేమ్, యాక్సిడెంట్‌లో వంగినది అరుదు. వెల్డ్‌ల దగ్గర ఓ చూపు చూసి ముందుకెళ్లండి.

లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టుల ఆఖరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే. వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్.